తాడిమర్రి పాప ఎక్కిన కొండ, మనం ఎక్కని కొండ



2021 ఫిబ్రవరి చివర్లో తాడిమర్రి మండలానికి చెందిన రిత్విక శ్రీ అనే తొమ్మిదేళ్ల అమ్మాయి, తండ్రి తోడుగా ఆఫ్రికాలోని టాంజానియా వెళ్లి, కిలిమంజారో పర్వతం మీద గిల్మన్స్ పాయింట్ అనే చోటిదాకా ఎక్కింది. ఆ చోటు 5,680 మీటర్ల పైమాటే. ఎవరెస్టు ఎక్కేవాళ్లు నేపాల్ వైపు గుడారాలు వేసుకునే బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు. మన పాప అంతకన్నా పైకే పోయింది. అప్పటి అనంతపురం జిల్లా కలెక్టర్ గంధం చంద్రుడు ఆమెను అభినందిస్తూ, ఈ పర్వతం ఎక్కిన ఆడపిల్లల్లో ఆసియాలో అందరికన్నా చిన్నది ఈమేనని ప్రకటించారు.

ధర్మవరం నుంచి బత్తలపల్లి మీదుగా పోతే తాడిమర్రి వస్తుంది. శెనక్కాయ చేలు, వానకోసం ఎదురుచూపులు, పని వెతుక్కుంటూ బెంగళూరు పోయే జనం. ఆ నేల మీది పిల్ల ఆఫ్రికా మంచును తొక్కింది. ఈ సంగతి తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. దాని వెనకే ఒక ప్రశ్న కూడా లేస్తుంది. కొండ ఎక్కడం నేర్చుకోవడానికి ఆ పాప తెలంగాణలోని భువనగిరి శిలారోహణ పాఠశాలకు పోవలసి వచ్చింది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం చుట్టూ ఎటు తిరిగినా కొండలే కదా. మన పిల్లలకు తొలి అడుగు మన కొండ మీదే ఎందుకు పడకూడదు? ఈ పూట నేను మాట్లాడబోయేది దీని గురించే.

ముందుగా ఆ ఆఫ్రికా కొండ సంగతి చెబుతాను. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణాన, చుట్టూ బయలు ఉండగా మధ్యలో ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం కిలిమంజారో. షిరా, మావెంజి, కిబో అని దానికి మూడు శిఖరాలు. కిబో కొసన ఉన్న ఉహురు శిఖరం 5,895 మీటర్లు. ఆఫ్రికా ఖండం మొత్తంలో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. 1889 అక్టోబరులో జర్మనీవాడైన హాన్స్ మేయర్, ఆస్ట్రియావాడైన లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ మొదటిసారి కొసకు చేరారు. 1973లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. తెలుగువాళ్లకు ఈ కొండ పాత చుట్టమే. నెల్లూరు జిల్లా సంగం మండలంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అందులో కిలిమంజారో వంతు మార్చిలో వచ్చింది. పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ 2016లో ఇక్కడికి వచ్చారు.

ఎత్తు సంగతి అలా ఉంచండి. నాలుగైదు రోజుల నడకలో అక్కడ అయిదు రకాల నేలలు దాటాలి. అడుగున చగ్గా జాతివాళ్ల ఊళ్లు. అరటి, కాఫీ కలిపి పెంచుతారు. కొండవాగుల నీటిని సన్నని పిల్లకాలువలతో తోటల్లోకి మళ్లించే విద్య వాళ్లకు తరతరాలుగా ఉంది. దాదాపు 1,800 మీటర్ల దగ్గర అడవి మొదలవుతుంది. పొగమంచు, నాచు పట్టిన మాన్లు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. ఈ అడవిలోనే కొలోబస్ కోతి ఉంటుంది. నల్లని ఒళ్లు, భుజాల మీదినుంచి జారే తెల్లని పొడవాటి జూలు, కుచ్చులాంటి తోక. దానికి బొటనవేలు ఉండదు. అయినా కొమ్మ మీదినుంచి కొమ్మ మీదికి దూకడంలో తడబాటు లేదు. ఏనుగులు, అడవి దున్నలు, చిరుతలు కూడా ఈ పట్టీలోనే ఉంటాయి. నడిచేవాళ్లకు అవి కనిపించేది తక్కువ. అడుగుజాడలు, పేడ కనిపిస్తే అదే అదృష్టం.

2,800 మీటర్లు దాటాక చెట్లు పొట్టివైపోయి పొదలు, గడ్డి మిగులుతాయి. ఆ పైన సెనీసియో అనే వింత చెట్లు వస్తాయి. మనిషికన్నా రెండు మూడింతల ఎత్తుంటాయి. ఎండిన ఆకులను రాల్చవు. మానుకే చుట్టుకుని ఉంచుకుంటాయి. రాత్రి చలి నుంచి మానును కాపాడేది ఆ ఎండుటాకులే. పక్కనే లొబీలియా అనే మొక్క పొద్దుగూకేసరికి ఆకులను లోపలికి ముడుచుకుని మొగ్గను కప్పేస్తుంది. పగలు వేసవి, రాత్రి శీతకాలం ఉండే చోట బతకడానికి అవి పట్టిన దారి అది. 4,000 మీటర్లు దాటితే రాయి, బూడిద, గాలి, కొసన మంచు తప్ప ఇంకేమీ లేదు. ఆఖరి ఎక్కుడు నడిరాత్రికి అటూ ఇటూగా మొదలుపెడతారు. శిఖరం మీద గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదాంట్లో సగమే. అందుకే అక్కడి గైడ్లు దారిపొడుగునా పోలె పోలె అంటూనే ఉంటారు. నిదానం, నిదానం అని. తొందరపడి ఎక్కినవాడికి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. మొండికేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తొమ్మిదేళ్ల పాప అంత ఎత్తుకు పోగలిగిందంటే కాళ్ల బలం ఒక్కటే చాలదు, పెద్దలు చెప్పిన వేగానికి కట్టుబడే ఓర్పు కూడా ఉండాలి.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1926లో రిచర్డ్ రాయిష్ అనే మతబోధకుడు కిబో అంచు దగ్గర మంచులో గడ్డకట్టి ఉన్న ఒక చిరుతపులి కళేబరాన్ని చూశాడు. తిండి లేని ఆ ఎత్తుకు అది ఎందుకు ఎక్కిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ చోటును ఇప్పటికీ లెపర్డ్ పాయింట్ అనే పిలుస్తారు.

ఆ పార్కులో నాకు అన్నిటికన్నా నచ్చింది దాన్ని నడిపే తీరు. గైడు లేకుండా ఎవరినీ కొండ ఎక్కనివ్వరు. ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయనివ్వరు. బరువు మోసే కూలీకి 20 కిలోలకు మించి ఎత్తకూడదని కట్టడి ఉంది. దారిలో మూటలను తూకం వేస్తారు. తెచ్చిన చెత్తను కిందికి మోసుకుపోవాల్సిందే. 2019 జూన్ నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులకే చోటు లేదు. గైడ్లు, వంటవాళ్లు, కూలీలు ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. కొండ బాగుంటేనే తమ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంత కట్టుదిట్టం ఉన్నా ఒక్క నిప్పురవ్వ చాలింది. 2020 అక్టోబరు 11న కిలిమంజారో మీద మంటలు లేచాయి. సుమారు 95 చదరపు కిలోమీటర్ల పొదలు, గడ్డి కాలిపోయాయి. ఊళ్లవాళ్లు, విద్యార్థులు వందలమంది కొమ్మలు పట్టుకుని కొండెక్కి మంటలు కొట్టారు. రిత్విక శ్రీ అక్కడికి పోయింది ఆ తర్వాత నాలుగు నెలలకే. కొండకు నిప్పంటే ఏమిటో పెనుకొండ వాళ్లకు నేను వేరే చెప్పాలా?

ఇక మన కొండకు వద్దాం. నేను పెనుకొండ నీడన పెరిగినవాణ్ణి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమల దేవరాయలు విజయనగర రాజధానిని ఇక్కడికి తెచ్చిన కథ, గగనమహలు, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి బసది, ఇవన్నీ మీకు తెలిసినవే. కొండమీది లక్ష్మీనరసింహస్వామి గుడిదాకా ఎక్కినవాళ్లు కూడా మీలో చాలామంది ఉంటారు. ఎక్కేటప్పుడు దారికి రెండు పక్కలా చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారు?

కిలిమంజారో నిన్నమొన్నటి కొండ. భూమి వయసుతో పోలిస్తే దాని పాతిక ముప్పై లక్షల ఏళ్లు ఒక లెక్కే కాదు. మన కాళ్ల కింది గ్రానైటు బండలకు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు, వానకు పగిలి, దొర్లి, ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఈ గుండ్ల సందుల్లో ఎన్నో గుహలు ఏర్పడ్డాయి. మనకు అవి రాళ్లకుప్పలు. ఎలుగ్గొడ్డుకు, చిరుతపులికి, ముళ్లపందికి, కొమ్ముల గుడ్లగూబకు అవే ఇళ్లు.

ఎలుగ్గొడ్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని గురించి మనకు భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. పెనుకొండ, మడకశిర, రొళ్ల వైపు కొండల్లో అది ఇప్పటికీ ఉంది. పుట్టల్లోని చెదలు దాని ముఖ్యమైన తిండి. పై వరసలో ముందుండే రెండు పళ్లు దానికి ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను బలంగా పీల్చేస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. లోపలికి మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. రేగు, తునికి, ఈత, సీతాఫలం పండే కాలంలో పండ్ల మీద పడుతుంది. తిన్న విత్తనాలను కొండంతా వెదజల్లేదీ అదే. చలికాలంలో గుహలో ఈనుతుంది, చాలాసార్లు రెండు పిల్లలు. ఆ పిల్లలు నెలల తరబడి తల్లి వీపు మీద జుట్టు పట్టుకుని తిరుగుతాయి. 

ఎలుగుకు చూపు అంతంతమాత్రం, వినికిడి కూడా చురుకు కాదు. ముక్కు మాత్రం గట్టిది. తిండిలో తల మునిగి ఉన్నప్పుడు మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు. ఉలిక్కిపడి మీదపడుతుంది. పశువుల కాపర్లకు, కట్టెలకు పోయే ఆడవాళ్లకు గాయాలయ్యేది ఎక్కువగా ఇలాగే. తెల్లవారుజామున, మునిమాపున పొదల్లోకి ఒంటరిగా పోకుండా, నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ పోతే సగం ప్రమాదాలు తప్పుతాయి. పిల్లలతో ఉన్న తల్లి కనిపిస్తే వచ్చిన దారిన మెల్లగా వెనక్కు రావాలి. ఫోను తీసి ఫొటో కోసం ముందుకు పోవద్దు.

విజయనగర రాజుల మొదటి రాజధాని హంపికి దగ్గర్లో, బళ్లారి సీమలోని దరోజీలో 1994లోనే ఎలుగుబంట్ల అభయారణ్యం పెట్టారు. దూరదూరాల నుంచి జనం వచ్చి, సాయంత్రం పూట ఎదురుగా ఉన్న మెట్ట మీద కూర్చుని, బండల మీదికి దిగే ఎలుగులను చూసి పోతారు. ఆ రాజుల రెండో రాజధాని మనది. ఇక్కడి ఎలుగు పత్రికల్లోకి ఎక్కేది ఊళ్లోకి వచ్చినప్పుడో, బావిలో పడినప్పుడో మాత్రమే. ఇది నాకు న్యాయంగా తోచదు.

చిన్న ప్రాణుల్లో పసుపు గొంతు పికిలిపిట్ట గురించి ఒక మాట. దక్షిణ భారతదేశపు రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది లేదు. మన పెన్న పుట్టిన నంది కొండల మీద దాన్ని చూడటానికి విదేశాల నుంచి పక్షి ప్రేమికులు వస్తారు. హిందూపురం నుంచి నంది కొండలు ఎంత దూరం? మన పిల్లల్లో ఆ పిట్ట పేరు విన్నవాళ్లు ఎందరు?

ఇప్పుడు మంటల సంగతి. ఎండాకాలం వచ్చిందంటే మన గుట్టల మీద బోదగడ్డి ఎండిపోతుంది. పాతగడ్డి కాలిస్తే వానకు కొత్తగడ్డి బాగా మొలుస్తుందని కొందరు కావాలనే అంటిస్తారు. బీడీ ముక్క పారేసి పోయేవాళ్లు కొందరు. రాత్రిపూట కింది ఊళ్ల నుంచి చూస్తే కొండ మెడలో ఎర్రని గీత కనబడుతుంది. మనం చూసి పడుకుంటాం. ఆ గీత వెనకాల నెమలి గుడ్లు, తాబేళ్లు, ఉడుములు, అప్పుడే వేళ్లూనిన తునికి మొక్కలు కాలిపోతుంటాయి. గడ్డి మళ్లీ మొలుస్తుంది, నిజమే. ఏటేటా కాలిన గుట్ట మీద చెట్టు మాత్రం లేవదు. చెట్టు లేని బండ మీద పడ్డ వాన గంటలో వంకలోకి జారిపోతుంది, ఉన్న కాస్త మట్టిని కూడా తీసుకుపోతుంది. కిలిమంజారో నుంచి కిందికి దిగే నీళ్లలో చాలా ఎక్కువ భాగం అడవి పట్టిన నీళ్లేనని, మంచు కరిగి వచ్చేది తక్కువేనని అక్కడి శాస్త్రజ్ఞులు చెబుతారు. 1912 నుంచి ఇప్పటికి ఆ మంచులో నూటికి 85 పాళ్లకు పైగా కరిగిపోయినా ఊళ్లు బతుకుతున్నది ఆ అడవి వల్లే. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ వానను కాసేపు పట్టి ఉంచి బుక్కపట్నం చెరువుకో, ధర్మవరం చెరువుకో, మన ఊరి కుంటకో పంపవలసిన గుట్టలను మనమే కాలుస్తున్నాం.

రైతు బాధ నాకు తెలియనిది కాదు. అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే శెనక్కాయ చేను మిగలదు. ఆ కోపంతో కరెంటు తీగలు పెడతారు. ఆ తీగ పందిని, ఎలుగును వేరు చేసి చూడదు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషిని కూడా చంపుతుంది. నష్టపరిహారం త్వరగా, తిప్పుకోకుండా చేతికి అందితే ఆ తీగలు చాలావరకు ఆగుతాయని నా నమ్మకం. అడవిని కాపాడమని రైతుకు చెప్పే ముందు ఆ పని జరగాలి.

అడవి ప్రాణులతో కలిసి బతకడం మన వల్ల కాదులే అనుకునేవాళ్లు ఒకసారి హిందూపురం నుంచి చిలమత్తూరు మండలంలోని వీరాపురం పోయి రావాలి. అక్కడ ఊరి నడుమ, ఇళ్ల పక్కన ఉన్న చింతచెట్ల మీద ఏటా ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, తెల్లని ఒంటి మీద నల్లని పట్టీలు, తోక దగ్గర గులాబీ రంగు. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు కానీ ఇవి మన దక్షిణాసియా పక్షులే. నీళ్లను, చేపలను వెతుక్కుంటూ తిరుగుతాయి. చలికాలంలో వచ్చి గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా నెలల తరబడి ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వంతులవారీగా చుట్టుపక్కల చెరువుల నుంచి చేపలు తెచ్చి పెడతాయి. రాత్రింబవళ్లు అరుపులు, ముంగిట్లో రెట్టలు, చేపల నీచు వాసన. అన్నీ ఓర్చుకుని ఆ ఊరి జనం తరాలుగా వాటిని తమ ఇంటి ఆడబిడ్డల్లా చూసుకుంటున్నారు. రాయి విసరనివ్వరు. కొంగలు వస్తే వానలు వస్తాయని వాళ్ల నమ్మకం. చెరువులు ఎండిన ఏడు కొంగలు తగ్గిపోతాయి. అప్పుడు ఊరంతా దిగులు పడుతుంది. కొండ కింద చగ్గా రైతు ఏం చేస్తున్నాడో, మన వీరాపురం రైతు కూడా అదే చేస్తున్నాడు. దానికి ఏ పార్కు బోర్డూ కావలసి రాలేదు.

అందుచేత నా మనవి ఇది. పెనుకొండ కొండను నడిచి చూసే కొండగా తీర్చిదిద్దాలి. రోప్‌వేలు, హోటళ్లు పైకి తెమ్మని నేను అడగడం లేదు. పాత మెట్లదారిని ముళ్లు కొట్టి బాగుచేసి, పగటిపూట మాత్రమే, గుంపులుగా మాత్రమే, తెలిసిన మనిషి ముందు నడవగా ఎక్కే ఏర్పాటు చేస్తే చాలు. ఆ తెలిసిన మనిషి ఈ ఊళ్ల కుర్రాడో, అమ్మాయో కావాలి. గొర్రెల మందతో తిరిగిన పిల్లలకు ఏ గుండు వెనక గుహ ఉందో, ఏ దొనలో వేసవిలో కూడా నీళ్లుంటాయో తెలుసు. అటవీశాఖ వాళ్లు పక్షుల పేర్లు, ప్రథమచికిత్స, జంతువు ఎదురైతే చేయవలసినవి నేర్పితే మనకే మంచి గైడ్లు తయారవుతారు. బెంగళూరు వాళ్లు శనాదివారాలు నంది కొండలకు పోటెత్తుతున్నారు. వాళ్లలో కొందరు పెనుకొండ దాకా వచ్చినా ఆ కుర్రాళ్లకు కూలి దొరుకుతుంది. భువనగిరిలో నేర్పినట్టే మన బండల మీద కూడా తాడు కట్టుకుని ఎక్కడం నేర్పవచ్చు. బండకు ఇక్కడ కరువేముంది? కరువు వచ్చేది గ్రానైటు కోసం వాటిని కోసి లారీలకెత్తితేనే.

ఉపాధ్యాయులకు ఒక మాట. జనవరి తర్వాత ఒక ఆదివారం పిల్లలను వీరాపురం తీసుకుపోండి. చెట్టు కింద గోల చేయవద్దనీ, టపాసులు పేల్చవద్దనీ ముందే చెప్పండి. కొండ ఎక్కించేటప్పుడు ఒక్కొక్కరి చేతికి ఒక గోనెసంచి ఇవ్వండి, దిగేటప్పుడు కనబడిన ప్లాస్టిక్ అందులో వేసుకుని వస్తారు.

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల గుట్టల కింద ఉండే శ్రోతలందరికీ ఒకటే విన్నపం. ఈ ఎండాకాలం మీ గుట్ట మీద పొగ కనిపిస్తే చూస్తూ కూర్చోకండి. వెంటనే అటవీశాఖ వాళ్లకు ఫోను చేయండి, నలుగురిని పిలవండి. గడ్డికి నిప్పు పెట్టేవాడు మీ ఊరివాడే అయితే, మీ చుట్టమే అయితే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాటలు వాడికి కూడా చెప్పండి.